కొల్లేటి సీమ కన్నెపిల్లల అట్లతద్ది

ఆశ్వయుజ బహుళ తదియనాడు, అనగా శరత్పూర్ణిమ గడచిన మూడవనాడు, గోదావరీ కృష్ణా మండలముల ఆడపిల్లలు జరుపుకొను అట్లతద్దిని మన పెద్దలు సౌభాగ్యవ్రతములలో చేర్చి, మంచి మగని కొఱకు కన్యలును, మగని యాయువు కొఱకు సువాసినులును చేయు గౌరీపూజగా వర్ణించుట పరిపాటి. ఆ వర్ణన సత్యమే. అయినను ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెము వఱకును, దక్షిణమున కొల్లేటి లంకల వఱకును గల పల్లెలలో ఈ పండుగ గడచిన తీరును పరికించినచో, సాయంకాలపు పూజకంటె ముందున్న తెల్లవారుజామే దీనికి ప్రాణమని నాకు తోచుచున్నది. ఏడాది పొడుగునను గడప దాటుటకు తల్లి యనుమతి వేడవలసిన బాలికలు ఆ యొక్క రాత్రి మాత్రము, పెద్దలే నిద్ర లేపి పంపగా, తమ యీడువారితో కలిసి, ఊరి నడుమ ఆరుబయట, తమ యిష్టము వచ్చినట్టుగా కాలము గడపగలిగిరి.

ఈ తిథిని ఎన్నుకొన్నవారి వివేకమును గమనింపవలెను. డెల్టా చేలలో సార్వా నాట్లు శ్రావణమునకు ముగిసి, కలుపుతీతలు భాద్రపదముతో సరిపోయి, వరి పొట్టమీద నుండు ఈ దినములలో కోతలకింకను నెలకు పైబడి వ్యవధి యుండును గనుక, ఇంటి యాడువారికిని, చెట్టుకు మోకు కట్టవలసిన పాలేరుకును కొంత తీరిక చిక్కును. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటను దొర చలువవలన గోదావరి నీరు కాలువలగుండ ఏలూరి వఱకును వచ్చిన పిమ్మట ఈ తీరిక మఱింత నిశ్చితమైనది. అంతకంటె ముఖ్యమైనది వెన్నెల. తదియ చంద్రుడు దీపాలు పెట్టిన చాలసేపటికి గాని ఉదయింపడు. కాని ఆనాటి తెల్లవారుజామున, ముందురాత్రి పొడిచిన చంద్రుడు పడమటి యాకాశమున ఇంకను నిలిచియుండి, వీథులన్నియు పిండి ఆరబోసినట్లుండును. నెలకు ముందు భాద్రపద బహుళ తదియనాడు వచ్చు ఉండ్రాళ్ళతద్దికిని తెల్లవారుజాము భోజనమును ఊయలయు కలవు గాని, అప్పుడు మబ్బు మూసికొనునేమో యను భయము తప్పదు. ఆశ్వయుజమునకు ఆకాశము తేటపడును. దీపస్తంభములు లేని ఆ కాలమున చిన్నపిల్లలను చీకటిలో బయటికి పంపు తల్లికి ఇంతకు మించిన భరోసా లేదు.

పండుగ ముందునాటి సాయంకాలమే గోరింటాకుతో మొదలగును. పెరటి పొదనుండి దూసి తెచ్చిన ఆకును రోటిలో వేసి, కొంచెము చింతపండో పోకచెక్కయో చేర్చి మెత్తగా నూరుట పెద్దపిల్లల వంతు. ముద్ద నలుపెక్కి రోటికి అంటుకొన నారంభింపగానే దానిని విస్తరాకులోనికి ఎత్తి, చిన్నవాండ్రను వరుసగా కూర్చుండబెట్టి, అరచేతి నడుమ ఒక చందమామను, చుట్టును చుక్కలను దిద్ది, వేళ్ళ కొసలకు టోపీలు తొడుగుదురు. ఆపై ఏ పనికిని చేతులు రావు గనుక, ఆ రాత్రి అమ్మమ్మయో మేనత్తయో అన్నము కలిపి నోటికి ముద్ద లందింపవలెను; ఉమ్మడి కుటుంబములలో ఒక్క పళ్ళెమునుండి ఏడెనిమిది నోళ్ళు నిండుచుండెడివి. తెల్లవారి ఎవరి చేయి ఎక్కువ ఎఱ్ఱగా పండినదో దానికి అందమైన మగడు వచ్చునని చెప్పుకొనుటయు, పండని చేతిదానిని తక్కినవారు ఓదార్చుటయు ఏటేట జరుగు ముచ్చటయే.

తొలికోడి కూయకముందే ఒక జట్టు లేచి, “లేవవే, తెల్లారిపోతోంది!” అని వాకిలి వాకిలికి పోయి తలుపు తట్టుచు మిగిలినవారిని లేపును. రాత్రి వండియుంచిన అన్నము, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు: మఱల చంద్రుని చూచువఱకు ఉపవాసము గనుక తల్లులు కొసరి కొసరి పెట్టెదరు. తరువాత తాంబూలము. సామాన్యముగా పిల్లలకు నిషిద్ధమైన ఆ తమలపాకు ఆనాడు విధియగును. పెదవులు ఎఱ్ఱబడినవో లేదో అని ఒకరి మొగమొకరికి చూపుకొనుచు అందఱును వీథిలోనికి వత్తురు.

అటుపిమ్మట పొద్దుపొడుచువఱకు ఆటలే. దాగుడుమూతలు, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ళ అన్నియు నుండును గాని, అందు ఒప్పులకుప్పను ప్రత్యేకముగా చెప్పవలెను. ఇద్దఱు బాలికలు ఎదురెదురుగా నిలిచి, కాలివ్రేళ్ళు ఆనించి, చేతులు పెనవేసి గట్టిగా పట్టుకొని, వెనుకకు వ్రాలి గిరగిర తిరుగునప్పుడు ఒకతె బరువును రెండవది మోయవలెను. పట్టు ఎవరు సడలించినను ఇద్దఱును పడుదురు. ఎవరితో తిరుగుటకు ధైర్యము చాలునో వారే ఆ పిల్లకు నిజమైన నేస్తము. ఇక రావికో, చింతకో, మామిడికో మోకులు కట్టి పీట బిగించిన ఊయలయొద్ద వంతులు పెట్టి, చిన్నదానిని ముందెక్కించి, గట్టిగా ఊపుమని అడిగినదానిని ఊపి, భయపడి ఏడ్చినదానిని దింపి ఎత్తుకొని, పెద్దల ప్రమేయము లేకుండ అంత గుంపును నడుపుకొను బాధ్యత పదిపండ్రెండేండ్ల పిల్లలదే. వ్రతమున అంతటను 11 సంఖ్యకే ప్రాధాన్యము: 11 పండ్లు, 11 మార్లు తాంబూలము, 11 ఊపులు, 11 ముళ్ళ తోరము; ఆ లెక్కలు పెట్టువారును వీరే.

లంకలలో ఈ ముచ్చట వేఱొక తీరున నుండెడిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏఱులు తెచ్చిన వాననీరు ఉప్పుటేటిగుండ మెల్లగా సముద్రమునకు జాఱుచుండగా, ఆశ్వయుజమున కొల్లేరు నిండియుండును. ఊళ్ళు నీటి నడుమ తిప్పలుగా నిలుచును. తాటిమ్రానును తొలిచిన దోనెయే అచటి బాట. చెట్టున్న మెరకకు చేరుటకు వెన్నెలలో దోనెలో పోవలసిన పిల్లలకు ఆ ప్రయాణమే సగము పండుగ.

పగటిపూట ఇండ్లలో పని సాగును. నానిన బియ్యమును మినప్పప్పును రుబ్బి, సాయంత్రమునకు ఇనుప పెనము పొయ్యిమీద పెట్టి, తల్లి యొక్కొక్క అట్టును పోయుచుండగా, ఆకలిగొన్న పిల్లలు వాసన పీల్చుచు కూర్చుందురు. చంద్రోదయమైన తరువాత గౌరికి నివేదించి, కొంగు కప్పి ముత్తైదువకు వాయన మిచ్చి, అపుడు భుజింతురు. పెండ్లియైన పిమ్మట ఉద్యాపనము: 11 మంది ముత్తైదువలకు 11 అట్ల చొప్పున 121 అట్లు. ఒక పెనముతో అది తేలు పని కాదు. ఇరుగుపొరుగు పొయ్యిలన్నియు వెలుగవలసినదే, పుట్టింటికి వచ్చిన పాత నేస్తములందఱును అట్లకాడ పట్టవలసినదే.

వ్రతకథయందును నేస్తములే కలరు. రాజపుత్రికయు, మంత్రి, సేనాపతి, పురోహితుల కుమార్తెలును కలిసి నోము పట్టగా, సుకుమారియైన రాజపుత్రిక ఆకలికి సొమ్మసిల్లెనట. ఆమె యన్నలు దూరమున కుప్పకు నిప్పంటించి, ఆ వెలుగునే చంద్రుడని చెట్టు మాటున చూపి ఆమెచేత భోజనము చేయించిరట. తత్ఫలముగా ఆమెకు ముసలి వరులే తటస్థించిరట. పార్వతీపరమేశ్వరుల దయవలన తప్పు తెలిసికొని మరల నోచినదట. వ్రతభంగమునకు శిక్షగా దీనిని పెద్దలు చెప్పుదురు. నాకు మఱియొక యర్థము స్ఫురించుచున్నది: తోడివారు మువ్వురు మేల్కొని యుండగా, ఆప్యాయతతోనే యైనను, ఇంటివారు ఆమెను ఆ జట్టునుండి విడదీసిరి, కష్టమంతయు అచటనే మొదలైనది.

అయితే, ఈ జట్టులో చేరరాని బాలికలును ఉండిరి. వారిని మఱచి ఈ చరిత్రను చెప్పుట న్యాయము కాదు. అంటరానివారని వెలివేసిన వాడల పిల్లలకు ఊరి నడిమి ఊయల అందలేదు. ఏడెనిమిదేండ్లకే పెండ్లి చేయు ఆ కాలమున, మగని మొగమైనను ఎఱుగక విధవ యైన పిల్ల, నిన్నటి నేస్తములు గోరింటాకు పెట్టుకొనుచుండగా, గది తలుపు వెనుక కూర్చుండవలసివచ్చెను. వాయనము పుచ్చుకొనుటకును ఇచ్చుటకును ఆమె పనికిరాదనిరి. ఈ ఘోరమును తలచుకొన్నపుడు, 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారి పట్టుదలయొక్క విలువ తెలియును. 1929లో ఏర్పడి మఱుసటి ఏట అమలునకు వచ్చిన శారదా చట్టము ఆడపిల్లకు కనీస వివాహవయస్సు 14 ఏండ్లని నిర్ణయించెను. 1978లో అది 18 అయ్యెను. చట్టము పల్లెలలో మెల్లగానే పాకినను, పెండ్లి వెనుకపడుకొలది కన్నెపిల్లల జట్టు పెద్దదై, ఆటలలోనికి ఎదిగిన పిల్లల మాటలును మనోరథములును చేరినవి.

పాటలు లేక ఈ రాత్రి లేదు. ఆడువారి నోళ్ళలో మాత్రమే బ్రతికిన పాటలను ఏలూరి మంజువాణీ ముద్రాక్షరశాలనుండి స్త్రీల పాటలను పేర సంపుటీకరించి వెలువరించిన నందిరాజు చలపతిరావుగారికి ఈ సీమ ఋణపడియున్నది. పాటతో బాలికలను జట్టు కట్టించు పని వేఱొకరును చేసిరి. ఇంగ్లండున 1910లో వెలసి, మఱుసటి యేడే జబల్పూరున మన దేశమున అడుగుపెట్టిన గైడు ఉద్యమమువారు గుడారములు వేసి, నెగడు చుట్టును పాడించి బాలికలకు నేర్పిన స్వావలంబనమును సహజీవనమును నేను మనసార మెచ్చుకొందును. వేసవి శిబిరములకు పిల్లలను పంపు నేటి తలిదండ్రులు, ఆ విద్యకు మన వీథులలో పూర్వమే ఒక బడి యుండెనని ఎఱిగిన మేలు.

1970 దశకమునుండి కొల్లేట చేపల చెరువులు ప్రబలి, దోనె బాటలు గట్లచే తెగిపోయినవి. పట్టణపు మేడలలో మోకు కట్టు కొమ్మ లేదు. పండుగ పోలేదు; మహిళా కళాశాలల ఆవరణలలో పట్టపగలు ఊయలలు కట్టి విద్యార్థినులు ఊగుచున్నారు, కులమును వాడయు అడుగకుండ అందఱును ఒక్క వరుసలో నిలుచుచున్నారు; ఇది పూర్వులకు సాధ్యపడని శుభము. తెల్లవారుజాము మాత్రము కుదింపబడినది. దసరా సెలవులు ముగిసి బడులు తెఱచినపిమ్మట, విజయదశమికి ఎనిమిది దినములకు ఈ తదియ వచ్చును. నాలుగు గంటలకు లేచి ఆడిన పిల్ల తొమ్మిదింటికి బల్లపై తల వాల్చునని తల్లులు లేపుటయే మానిరి. మన జిల్లాల పాఠశాలలవారు ఆ యొక్క దినము బాలికలకు మధ్యాహ్నము బడి పెట్టినచో, తలుపులు తట్టుటకు జట్లు ఇప్పటికిని సిద్ధముగనే యున్నవి.