నల్లమలకు బోరు బండ్లు రాకుండ ఆపిన ఊర్లు

చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర పోయొచ్చినోళ్లు మన కొత్తకోట దిక్కు చానమందే ఉంటరు. రాళ్లల్ల దిగి, జలపాతం కింద తడిసి, లింగమయ్యను మొక్కి వస్తం. 2019ల ఆ అడవి కోసం కొట్లాడింది ఎవరో మాత్రం మనం అంతగా మాట్లాడుకోం.

నల్లమల 1983 నుంచి పులుల రక్షిత ప్రాంతం. రాష్ట్రం వేరైనంక మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. చెంచు పెంటలు కూడా దాని లోపలనే ఉన్నయి.

ఈ నేల కింద యురేనియం ఎంతుందో చూస్తమని కేంద్ర అణు ఖనిజ సంస్థ అనుమతి అడిగింది. 83 చదరపు కిలోమీటర్లల్ల దాదాపు 4,000 బోర్లు! మన చేన్ల ఒక్క బోరు వేస్తేనే ఎంత మోత, ఎంత దుమ్ము, బండి తిరగనీకె ఎంత జాగ కావాలె? అడవిలయితే ముందు చెట్లు కొట్టి బాట తీయాలె. రాష్ట్ర వన్యప్రాణి మండలి 2016లనే సరే అన్నది. 2019 మే 22న కేంద్ర అటవీ సలహా కమిటీ కూడా సూత్రప్రాయంగా ఒప్పుకున్నది.

"సర్వేనే, గని కాదు" అని పైనుంచి మాట. ఊరోళ్లు నమ్మలేదు. గని రాకపోతే అన్ని బోర్లు ఎవరు వేస్తరు? పైగా కడప జిల్లా తుమ్మలపల్లె సంగతి వాళ్లకు తెలుసు. అక్కడ గని చుట్టూ ఉన్న అరటి రైతులు బోర్ల నీళ్లు పాడైనయని, తోటలు దెబ్బతిన్నయని ఏండ్ల సంది మొరపెట్టుకుంటున్నరు. నల్లగొండల లంబాపూర్, పెద్దగట్టు కాడ 2003 నుంచే జనం యురేనియం గనిని వద్దన్నరు.

అమ్రాబాద్, పదర మండలాలు ఒక్కటైనయి. చెంచులు, లంబాడోళ్లు, రైతులు, దుకాణాలోళ్లు అందరూ కలిసి బంద్ చేసిండ్రు, శ్రీశైలం రోడ్డు మీద కూసున్నరు. ఆ తర్వాతనే పట్నంల సినిమా వాళ్లు "సేవ్ నల్లమల" అన్నరు. అది కూడా అవసరమే. నల్లమల వాగులు కృష్ణల కలుస్తయి, హైదరాబాద్ నాగార్జునసాగర్ నీళ్లు తాగుతది. కానీ పని ఇడిసి రోడ్డెక్కినోళ్లు వేరే.

2019 సెప్టెంబరు 16న అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది, నల్లమలల యురేనియం తవ్వకాలు వద్దని. మూడేండ్ల కింద సరే అన్న రాష్ట్రమే ఇప్పుడు వద్దన్నది. జనం రోడ్డెక్కకపోతే ఈ మార్పు వచ్చేదా అంటే నాకైతే నమ్మకం లేదు.

ఒక మాట నిజం చెప్పాలె. అడవి పందులు పల్లి చేను తవ్విపోయిన రోజు "అడవి ఉంటే ఎంత, లేకుంటే ఎంత" అని మనమే తిట్టుకుంటం. అమ్రాబాద్ రైతులు మనకన్న ఎక్కువ నష్టం చూసేటోళ్లు. అయినా వాళ్లే అడ్డం నిలబడ్డరు. చెంచుల సంగతి ఇంకా కష్టం. ఒక దిక్కు యురేనియం, ఇంకో దిక్కు పులి పేరు మీద పెంటలు ఖాళీ చేయమనే మాట. 2006 అటవీ హక్కుల చట్టంల గ్రామసభకు అధికారం ఉంది గానీ, పెంటల దాకా అది ఎంత చేరిందో వాళ్లనే అడగాలె.

తీర్మానం చట్టం కాదు. ఖనిజం కూడా ఎక్కడికీ పోలేదు, నేల కిందనే ఉంది. పదర, మన్ననూరు దిక్కు చుట్టాలున్నోళ్లు ఈసారి పోయినప్పుడు ఆ బంద్ రోజులు ఎట్ల గడిచినయో అడిగి రండి.