పాఠశాల దశలో కళాశాల క్రెడిట్లు
ఉన్నత పాఠశాలలో చదువుతూనే కళాశాల పాఠ్యాంశాలను పూర్తిచేసి, వాటి క్రెడిట్లను ముందుగా పొందే పద్ధతి ఇది. అమెరికాలో దీనిని డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు.

తెలుగు రాష్ట్రాలలో ఈ పద్ధతి వాడుకలోకి రాలేదు. పదవ తరగతి కాగానే పిల్లలు జూనియర్ కళాశాలలో చేరతారు. పేరుకు కళాశాలే గాని (అమెరికాలోని బంధువులకు ఈ సంగతి నచ్చజెప్పడం కష్టం) ఇంటర్మీడియట్ చదువు డిగ్రీలో క్రెడిట్లుగా జమ కాదు. 1960లలో పి.యు.సి. చదువు విశ్వవిద్యాలయాల అధీనంలో ఉండేది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది.

ఈ పద్ధతికి కొంత దగ్గరగా ఉన్నది విజయవాడకు సమీపంలోని నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్‌కు చెందిన ఈ ప్రాంగణంలో పదవ తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ళ సమీకృత కోర్సులో ప్రవేశం లభిస్తుంది. మొదటి రెండేళ్ళు పి.యు.సి., తక్కిన నాలుగేళ్ళు బి.టెక్. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు అదనపు వెయిటేజీ ఉంది. మధ్యలో మరో ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష లేనందున, కోచింగ్ రుసుము భరించలేని పల్లెటూరి కుటుంబాలకు ఇదే ముఖ్యమైన ఆకర్షణ. అయితే ఇక్కడ కూడా పి.యు.సి. ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువే, దానివలన బి.టెక్. కాలం తగ్గదు.

2023లో కేంద్రం ప్రకటించిన జాతీయ క్రెడిట్ చట్రం పాఠశాల చదువుకు సైతం క్రెడిట్లను నిర్దేశించింది. అందులో 30 గంటల అభ్యసనం ఒక క్రెడిట్.