జాకీ కథ: పైన పీడనము, క్రింద నేల

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలో నల్లరేగడి నేల విస్తారముగా ఉన్నది. వాన పడినచో ఈ నేల ఉబ్బి మెత్తబడును. ఎండినచో నెఱ్ఱెలు విచ్చును. ఇట్టి నేలపై లారీ చక్రము మార్చవలెనన్నను, యాత్రికులు నివసించు చక్రాల ఇంటిని మట్టముగా నిలుపవలెనన్నను నూనెతో పనిచేయు జాకీ ఉపకరించును.

దీనికి మూలమైన సూత్రమును వివరించినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్. ఆయన గ్రంథము మరణానంతరము 1663లో వెలువడినది. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము తగ్గక అన్ని దిక్కులకు వ్యాపించును. 1 చదరపు సెంటీమీటరు వైశాల్యముగల చిన్న ముషలకమును, అనగా పిస్టనును, 20 కిలోల బరువుతో నొక్కినచో, 50 చదరపు సెంటీమీటర్ల పెద్ద ముషలకము 1,000 కిలోల బరువును మోయగలదు. అయితే చిన్నది 50 సెంటీమీటర్లు దిగినగాని పెద్దది 1 సెంటీమీటరు లేవదు. అందుచేతనే జాకీ పిడిని పలుమార్లు ఆడింపవలెను. ప్రతిసారి కొంత నూనె పెద్ద గొట్టములోనికి చేరును. కవాటము దానిని వెనుకకు రానీయదు.

1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రముతో నొక్కుడు యంత్రమునకు పేటెంటు పొందినాడు. దూదిని బేళ్లుగా బిగించు ప్రెస్సులు ఈ వంశమునకు చెందినవే. 1851లో అమెరికాలో రిచర్డ్ డడ్జన్ చేతితో మోసుకొనిపోదగిన జాకీకి పేటెంటు పొందినాడు.

అంతకు రెండేండ్ల ముందు, 1849లో, వేల్సులోని బ్రిటానియా వంతెన కట్టుచుండగా ఒక ప్రమాదము జరిగినది. వేయి టన్నులకు మించిన ఇనుపగొట్టమును ఎత్తుచున్న ప్రెస్సు పగిలినది. కాని ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఆజ్ఞప్రకారము, గొట్టము లేచినకొలది క్రింద ఆధారము పేర్చుచు వచ్చినారు. అందుచే అది కొన్ని అంగుళములు మాత్రమే జారి నిలిచినది.

చక్రాల ఇంటికి సాధారణముగా నాలుగు జాకీలుండును. మోటారు పంపు నూనెను పంపును. రసమట్టమును చూచుచు పల్లమున్న వైపు జాకీని ఎత్తుదురు. ఒక్కొక్క కాలికి వేరు కవాటముండుటచే బరువెక్కువైన కాలినుండి నూనె మరొకదానికి పారదు.

ఇక నేల సంగతి. 2,000 కిలోలు 400 చదరపు సెంటీమీటర్ల పాదముపై పడినచో చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. దానిక్రింద 2,000 చదరపు సెంటీమీటర్ల గట్టి పలక వేసినచో 1 కిలో మాత్రమే. తడిసిన రేగడిలో ఈ భేదమే జాకీ నిలుచుటకు, దిగబడుటకు కారణము. పలక వేసినను, జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు. గట్టి దిమ్మలు పేర్చవలెను. 1849 నాటి పాఠము ఇదియే.