రెండు పెడితే చాలదు: టాండెమ్ కథ

ఫోన్‌లో డబ్బులు పంపుతున్నప్పుడు ఆ రౌండ్ అలా తిరుగుతూనే ఉంటే గుండె గుభేలుమంటుంది కదా? మన ఖాతాలోంచి పోయాయా, అవతలివాళ్ళకి చేరాయా? ఈ భయం బ్యాంకులకి యాభై ఏళ్ళ కిందటే ఉంది. ఇవాళ ఆ కథే.

ముందు నా సంగతి ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చిన్న ఆఫీసులో రెండు సర్వర్లు పెట్టాం. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది, ఇక దిగుల్లేదు అనుకున్నాం. ఓ రోజు నా కాలు తగిలి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ప్లగ్గు ఊడింది. రెండూ ఒకేసారి ఆగిపోయాయి. రెండింటినీ ఆ ఒక్క బాక్సుకే తగిలించింది కూడా నేనే! అది ఒక్కటి పోతే అంతా పోయే చోటునే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు.

రెండు కంప్యూటర్లు పెట్టడం కొత్త ఆలోచనేం కాదు. 1958లో అమెరికా సైన్యం శత్రు విమానాల్ని కనిపెట్టడానికి సేజ్ అనే వ్యవస్థని వాడుకలోకి తెచ్చింది. ఐబీఎం తయారుచేసిన ఆ కంప్యూటర్లలో వేల వాక్యూమ్ ట్యూబులు, ఎప్పుడేది మాడుతుందో తెలీదు. అందుకే ప్రతి కేంద్రంలో ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి సిద్ధంగా ఉండేది. సైన్యానికైతే సరే. అంత ఖరీదైన యంత్రాన్ని ఊరికే కూర్చోబెట్టమంటే ఏ బ్యాంకు ఒప్పుకుంటుంది?

1974లో కాలిఫోర్నియాలో జిమ్మీ ట్రైబిగ్ మరికొందరితో కలిసి టాండెమ్ కంపెనీ పెట్టాడు. మొదటి యంత్రం 1976లో సిటీబ్యాంకుకి వెళ్ళింది. అందులో 2 నుంచి 16 దాకా ప్రాసెసర్లు. దేని మెమరీ దానిదే, దేని కరెంటు సప్లై దానిదే. వాటిని కలిపే దారులు రెండు. ఒకే సమాచారం రెండేసి డిస్కుల్లో. ఒక్కో డిస్కు కంట్రోలర్‌కి రెండు ప్రాసెసర్లతో కనెక్షన్. గమనించారా, పెట్టెల్నే కాదు, మధ్యలో ఉండే తీగల్ని కూడా జంట చేశారు. నేను మర్చిపోయింది సరిగ్గా అదే.

ఇంకో తెలివి ఏంటంటే, ఇక్కడ ఏ ప్రాసెసరూ ఖాళీగా కూర్చోదు. తన పని తను చేసుకుంటూనే, పక్క ప్రాసెసర్‌లో నడిచే ప్రోగ్రాముకి జోడీని తన దగ్గర ఉంచుకుంటుంది. అసలు ప్రోగ్రాము ముఖ్యమైన ప్రతి మెట్టు దగ్గరా "ఇక్కడిదాకా వచ్చాను" అని జోడీకి కబురు పంపుతుంది. ప్రాసెసర్లన్నీ సెకనుకోసారి "నేను బతికే ఉన్నా" అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒకదాని మాట వినబడ్డం ఆగిందా, జోడీ అక్కణ్ణుంచే అందుకుంటుంది, మళ్ళీ మొదట్నుంచి కాదు. లేకపోతే ఒకే డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది మరి.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. జోడీలో ఉన్నదీ అదే ప్రోగ్రాము కదా, అదే బగ్ దాన్నీ పడగొట్టదా? నాకూ ఇదే డౌట్ వచ్చింది. టాండెమ్‌లో పనిచేసిన జిమ్ గ్రే 1985లో రాసిన రిపోర్టులో దీనికి జవాబు దొరుకుతుంది. బాగా పరీక్షించిన ప్రోగ్రాముల్లో మిగిలే బగ్గులు ఎక్కువగా ఏదో ఒక క్షణంలో, ఏవేవో కలిసొచ్చినప్పుడే బయటపడతాయట. జోడీ అదే పని మళ్ళీ చేసేసరికి ఆ క్షణం దాటిపోయి ఉంటుంది. వీటికి హైసెన్‌బగ్ అని పేరు.

అదే రిపోర్టులో గ్రే తమ కస్టమర్ల దగ్గర యంత్రాలు ఎందుకు ఆగిపోయాయో లెక్క తీశాడు. హార్డ్‌వేర్ వల్ల 18 శాతం. సాఫ్ట్‌వేర్ వల్ల 25 శాతం. అన్నిటికన్నా ఎక్కువ, 42 శాతం, యంత్రాన్ని చూసుకునే పనుల్లో: నడపడం, సెట్టింగులు మార్చడం, రిపేర్లు. అంటే ఎక్కువగా మనుషులే. మనిషికి జోడీగా మనిషిని పెట్టమని మాత్రం ఆయన అనలేదు. యంత్రమే తనని తాను సర్దుకోవాలి, మనిషి చెయ్యి తగిలే పని వీలైనంత తగ్గాలి అన్నాడు.

చెయ్యి అన్నాడు గానీ, నా కేసులో కాలు లెండి. మళ్ళీ కలుద్దాం.