బహుధాన్య ఏట గుండ్లకమ్మ ఒడ్డున

తెల్లవారుతోంది. 1878 జూలై 3, బుధవారం. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్లు నడిచి వచ్చి, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మీరు నిలబడ్డారు. చుట్టూ వేల మంది. ఇంత జనం ఉన్నా తిరునాళ్ల సందడి లేదు. చంకల్లో పిల్లలు తలలు వాల్చేసి ఉన్నారు. గట్టిగా ఏడ్చే ఓపిక వాళ్లకింకా రాలేదు.

పంచాంగంలో ఇది బహుధాన్య. ధాన్యం మాత్రం ఇంకా ఇళ్లకు చేరలేదు. రెండేళ్ల కిందట ధాతలో మొదలైన కరువు ఈశ్వర అంతా తిని ఇప్పుడిప్పుడే వెనక్కి తగ్గుతోంది. బతికినవాళ్లు ఇక్కడున్నారు. పోయినవాళ్ల కోసం ప్రతి ఇంటివాళ్లూ ఏడ్చే ఉంటారు.

ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లే. రైతుకు చెప్పులు కుట్టి, కపిల బావులకు తోలు బానలు కుట్టి, పిలిచినప్పుడల్లా వెట్టికి పోయి, పంట రోజున కళ్లం అంచున నిలబడి కొలిచినన్ని గింజలు ఒడిలో పోయించుకునే బతుకు. ఏ గింజా ఊరికే రాలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూడండి. లేకపోతే ఇవాళ నదిలో జరగబోయేది వట్టి లెక్కగానే కనిపిస్తుంది.

పక్కనున్న మనిషి చేతులు చూడండి. అరచెయ్యి నిండా కాయలు. బొబ్బ లేచి, చితికి, దానిమీదే మళ్లీ బొబ్బ లేచి గట్టిపడిన చర్మం. అది పార పిడి పెట్టిన గుర్తు. కరువు పనిగా సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నప్పుడు, ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్తు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇక్కడివాళ్లకు ఆయన క్లౌ దొర. మిషనరీ కాకముందు తన దేశంలో భూముల సర్వే పని చేసినవాడు, కొలతలు తెలిసినవాడు. తన బోధకులనే పని మీద మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి లెక్క చూసిన బోధకుడే, అలుపు తీర్చుకునే వేళ కూలీల మధ్య కూర్చుని యేసు సంగతి చెప్పేవాడు. ప్రయాసపడి భారం మోసే జనాన్ని యేసు తన దగ్గరికి రమ్మని పిలిచిన మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉంది. కాలువ గట్టున మళ్లీ మళ్లీ చెప్పింది అదే. అప్పుడే నెత్తి మీంచి మట్టితట్ట దించినవాడికి దాన్ని విడమరచి చెప్పే పని లేదు.

నమ్మి బాప్తిస్మం అడిగినవాళ్లు వందల్లో కాదు, వేలల్లో ఉన్నారు. దొర ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం పెట్టే చెయ్యే బాప్తిస్మం కూడా ఇస్తే, ఎవరు దేవుడి కోసం వచ్చారో, ఎవరు గంజి కోసం వచ్చారో తేల్చేదెవరు? కూలి డబ్బులు కూలికే. దేవుడి కృపను ఆ డబ్బుతో కలపకూడదు. నాకైతే ఈ కథకు ప్రాణం ఆ మొండితనంలోనే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన కాపాడింది క్రైస్తవ బోధకు గుండెకాయలాంటి మాటను. రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు తెచ్చిన పోలిక సరిగ్గా కూలిదే. పని చేసినవాడి చేతిలో యజమాని పెట్టేది బాకీ, అది దయ కాదు. దేవుడు పాపిని నీతిమంతుడిగా ఎంచడం అలాంటిది కాదంటాడు పౌలు. అక్కడ మనిషి చూపించగలిగిన పని ఏదీ లేదు. క్రీస్తు చేసినదాన్ని నమ్మి, ఇచ్చినదాన్ని పుచ్చుకోవడమే. ఎఫెసీయులకు రాసినప్పుడు ఇంకా సూటిగా చెప్పాడు: రక్షణ దేవుడి వరం, క్రియల వల్ల వచ్చింది కాదు, కాబట్టి ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు. ఈ మాట మీదే పదహారో శతాబ్దంలో లూథర్ ఐరోపా సంఘాన్ని కుదిపేశాడు. అదే మాట తెలుగు పల్లెలో కళ్లం అంచున గింజలకు నిలబడ్డ మనిషి చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. పుట్టిన కులంతో, చేసిన చాకిరీతో, చెల్లించాల్సిన బాకీతో పని లేకుండా దేవుడే ముందుగా చెయ్యి చాచాడట!

ఇలాంటి మాటను వెతుక్కుంటూ చాలా దూరం నడిచినవాడు యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. గురువులను ఆశ్రయించి యోగం నేర్చి, సాధన చేసి, చివరికి యేసు దగ్గర ఆగాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పింది ఆయనే. 1867 జనవరిలో ఆ ఊరి దగ్గర 28 మంది బాప్తిస్మం పొందారు. ఇవాళ్టి జనానికి మొదలు అక్కడుంది.

ఈ నది ఒడ్డుకు రాకముందు జరిగింది కూడా మీరు చూడాల్సిందే. కాలువ పని అయిపోయింది. జనం గుంపులుగా వచ్చి పడ్డారు. దొర అందరి మొహాలూ కనిపించేలా గోడ ఎక్కి నిలబడ్డాడు. ఇక నా దగ్గర సాయం లేదు, ఇవ్వడానికి డబ్బు లేదు, వెళ్లిపొమ్మన్నాడు. వాళ్లు కదల్లేదు. మాకు సాయం వద్దన్నారు. పని చేసి బతికామనడానికి మా చేతుల బొబ్బలే సాక్ష్యమన్నారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మమివ్వమన్నారు. ఆ చేతుల కష్టాన్ని వాళ్లు దేవుడికి ఖరీదుగా చూపించలేదు. మేం అడుక్కోవడానికి రాలేదని మనిషికి చూపించారు. దేవుడి దగ్గరికి మాత్రం ఖాళీ చేతులతోనే వచ్చారు. దొర ఇక కాదనలేకపోయాడు.

ఇప్పుడు వరుస కదులుతోంది. ముందే బోధకులు ఒక్కొక్కరినీ విచారించారు, పేర్లు రాసుకున్నారు. ప్రశ్నలు చదువు గురించి కాదు. యేసు నీకేమవుతాడు, ఎందుకు నమ్మావు, ఇంతే. మీ ముందు ఒక అవ్వ నిలబడిందనుకోండి. అక్షరం ముక్క రాదు. "నా కోసం ఆయన సచ్చిపోయాడయ్యా" అంటుంది. అంతకంటే పెద్ద వేదాంతం ఆమెను ఎవరూ అడగరు. అడగకూడదు కూడా.

నమ్మినవాళ్లకు మూడు కట్టడులున్నాయి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కృప ఊరికే అయితే ఈ కట్టడులెందుకని అడిగేవాళ్లున్నారు. ఇవి రక్షణకు కట్టే సుంకం కావు. దొరికిన కొత్త బతుకులో ఎలా నడవాలో చెప్పినవి. వెట్టికి పిలిచిన రైతుతో "ఆదివారం రాను" అన్న మాదిగ దెబ్బలు తినాల్సి వచ్చేది. అలా తిన్నది రక్షణ సంపాదించుకోవడానికి కాదు, అప్పటికే దొరికింది కాబట్టి.

నీళ్లలోకి దిగండి. నడుం లోతులో ఇద్దరు బోధకులు నిలబడి ఉన్నారు. పేరు పిలుస్తారు. మనిషి దిగుతాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఒక్క మునక. లేచిన మనిషి కళ్లు తుడుచుకుంటూ ఒడ్డెక్కేలోపు ఇంకో పేరు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టదు. నీళ్లలో ఉన్నవాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగుతారు. అలా ఆరుగురు వంతులవారీగా. ఎండ ముదిరాక ఆపి, పొద్దు వాలాక మళ్లీ మొదలుపెట్టారు. బాప్తిస్తుల లెక్కలో ఈ నీళ్లు ఎవరినీ రక్షించవు. లోపల జరిగినదాన్ని పదిమందిలో ఒప్పుకోవడమే ఇది. అందుకే ఎవరు ముంచారన్నది పట్టింపు కాదు. క్లౌ దొర ఆ రోజు ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు.

చీకటి పడేసరికి లెక్క తేలింది: 2,222 మంది. అంతకుముందు రోజు 614, మర్నాడు 700. ఆ ఏడాది ముగిసేసరికి ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మం పొందినవాళ్లు 9,606 మంది.

ఒంగోలు చుట్టుపక్కల మీ ఇంటి పెద్దల్లో ఎవరికైనా ఆ తరం కథ ఒక్క ముక్క గుర్తుంటే, ఈ వారమే కూర్చోబెట్టి చెప్పించుకుని రాసి పెట్టుకోండి.