పాత స్పోర్ట్స్ కారు వెల

వాడిన కారునకు న్యాయమైన వెల యెంత యను తగవు కారుతోడనే పుట్టినది. 1918లో లాస్ ఏంజెలిస్ నగరమున మూడు ఫోర్డు మోడల్-టీ బండ్లతో వ్యాపార మారంభించిన లెస్ కెల్లీ, తనకు కావలసిన బండ్లెవ్వియో, వానికి తానెంత యీయగలడో వ్రాసి తోడి వర్తకులకును బ్యాంకులకును పట్టికలు పంపుచుండెడివాడు. వారు తమ బేరములకు సైత మా పట్టికలనే ప్రమాణముగా గైకొనుచుండగా, 1926లో వానిని ‘బ్లూ బుక్’ అను పేర పుస్తకముగా వెలువరించెను. బండి పాతబడినకొలది వెల తఱుగుననుట యా లెక్కకు మూలసూత్రము. సంతలో ఎద్దుపండ్లు చూచి వయస్సు కట్టు రైతువలె కొనువాడు మైళ్ల మీటరు చూచెడివాడు. ఆ మీటరునే వెనుకకు త్రిప్పు ఘనులు పెచ్చుపెరుగగా, అట్లు త్రిప్పుటను నిషేధించుచు అమెరికా ప్రభుత్వము 1972లో చట్టమే చేయవలసివచ్చినది.

సంసారుల బండ్లకు చక్కగా సరిపడిన యీ లెక్క స్పోర్ట్స్ కార్ల యెడ తలక్రిందయ్యెను. ఫెరారీ సంస్థ 1962 మొదలు 1964 వఱకు పందెములకై నిర్మించిన 250 జీటీవో కార్లు 36 మాత్రమే. మూడు లీటర్ల, 12 సిలిండర్ల యింజను ముందుభాగమున గల ఆ కారు, ఇంజను డ్రైవరు వెనుక నుండు క్రొత్త రకములు పందెములను గెలువసాగినంతనే పాతసామాను క్రింద జమయై, కొన్ని వేల డాలర్లకే చేతులు మారినది. వానిలో నొకటి టెక్సాస్ రాష్ట్రమునందలి యొక ఉన్నత పాఠశాలకు పిల్లలు మరమ్మతు నేర్చుకొనుటకై దానముగా బోయి, 1972లో 6,500 డాలర్లకు అమ్ముడై, ఆరుబయట ట్రెయిలరుమీద యేండ్ల తరబడి ఎండకెండి వానకు దడిసెను. ఆ కోవకే చెందిన మఱియొక కారు 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరీ వేలమున 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికినది!

యంత్రము మాఱలేదు; దాని చరిత్రకు గిరాకి పుట్టినది. కావున నిట్టి కారును పరీక్షించు నిపుణుడు మొట్టమొదట ఇంజను చప్పుడు వినడు. భూతద్దము చేతబట్టి చట్రముమీద కొట్టిన సంఖ్యను, ఇంజనుమీది సంఖ్యను ఫ్యాక్టరీ చిట్టాతో సరిపోల్చును. అంకెల చుట్టు ఆకురాయి గీతలున్నవా, 3 అంకెను 8గా దిద్దిన జాడ కలదా యని వెదకును. నిగనిగలాడు క్రొత్తరంగు చూచి సామాన్యుడు మురియును గాని, నిపుణునికి దానివలన అనుమానమే హెచ్చును.

చరిత్రకే వెల కట్టవలసినచో, ఇనుమెంత మిగిలినది యనుట ముఖ్యమా? ఈ ప్రశ్న 1990లో లండను హైకోర్టు గడప యెక్కినది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అను బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 1929లోను 1930లోను లె మాన్ పందెమును గెలిచినది. ఇంజను మార్చి మఱింత బలిష్ఠముగా జేసి 1932లో బ్రూక్‌లండ్స్ పందెమునకు దింపగా, క్లైవ్ డన్ఫీ నడుపుచుండ నది వాలుగట్టు దాటి పడి, అతడు మరణించెను. తరువాత దానినే పైకప్పు గల కూపే కారుగా మరల గట్టించిరి. కోటి పౌనులకు దానిని కొనుటకు ఒప్పుకొన్న కంపెనీ, గెలిచిన కారులోని భాగము లిందు మిగిలియుండలేదు గనుక ఇది యసలుది కాదని వెనుదీసెను. పాతభాగములు మిక్కిలి కొద్దియే యని సాక్ష్యము తేల్చినను, ఆ కారు బ్రతుకు నడుమ నెక్కడను తెగలేదనియు, అది నిక్కమైన ‘ఓల్డ్ నంబర్ వన్’ అనియు న్యాయమూర్తి ఆటన్ నిర్ణయించెను.

ఈ తీర్పును ఉదాహరించువారు తఱచుగా నొక సంగతి మఱచుచుందురు. కోటి పౌనులు న్యాయమైన వెలయని న్యాయస్థాన మెచ్చటను చెప్పలేదు. కారు అసలుదే గావున చేసికొన్న బేరమునకు కట్టుబడవలసినదే యని మాత్రము చెప్పెను. 1988లో ఎంజో ఫెరారీ మరణించినపిమ్మట మిన్నంటిన పాతకార్ల ధరలు ఆ తీర్పు వెలువడిన కొలదికాలమునకే కుప్పగూలినవి. న్యాయమూర్తి చెప్పినది ధర్మమే. కాని లె మాన్‌లో పరుగిడిన ఇంజను లేని కారునకు కోటి పౌనులు, నా మతమున, అధికమే.