నిలిచిన చేజర్ల, చెదరిన అమరావతి

ఒక కట్టడం చరిత్ర చదివేటప్పుడు దానిని ఎవరు కట్టారన్న ప్రశ్నతోనే మనం సాధారణంగా ఆగిపోతాం. కట్టినవారు వెళ్లిపోయిన తర్వాత దానిని ఎవరు వాడుకున్నారన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. గుంటూరు సీమలోని రెండు బౌద్ధ కట్టడాల గతి ఈ సంగతిని బోధపరుస్తుంది.

చేజర్ల నకరికల్లు మండలంలోని గ్రామం. 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. ఇక్కడి కపోతేశ్వరాలయం ఇటుకలతో కట్టిన చిన్న మందిరం. వెనుక గోడ అర్ధవృత్తంగా తిరుగుతుంది. పైకప్పు గూడుబండి కప్పువలె వంగి ఉంటుంది. ఏనుగు వీపును పోలినందున ఇటువంటి నిర్మాణాన్ని గజపృష్ఠం అంటారు. ఇది సుమారు క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి బౌద్ధ చైత్యగృహమని పండితుల అభిప్రాయం. స్తూపం ఉండవలసిన చోట శివలింగం ఉంది. కపోతమంటే పావురం. పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన మాంసాన్ని కోసి ఇచ్చిన కథను ఈ స్థలానికి చెబుతారు. ఆ కథ మహాభారతంలో ఉంది, బౌద్ధ వాఙ్మయంలోనూ ఉంది. ఆరాధన మారినా కథ మారవలసిన అవసరం రాలేదేమో!

వేదాంత విద్యార్థికి ఈ నమూనా చూడగానే తొలి క్రైస్తవ బసిలికాలు గుర్తుకు వస్తాయి. 19వ శతాబ్దపు వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కూడా కార్లే గుహలోని చైత్యాన్ని ప్రాచీన క్రైస్తవ దేవాలయంతో పోల్చాడు. అయితే పోలిక వేరు, అరువు వేరు. రోమా బసిలికా మొదట న్యాయసభ, వ్యాపారసభ. దాని అర్ధవృత్తంలో న్యాయాధిపతి కూర్చునేవాడు. 4వ శతాబ్దంలో క్రైస్తవులు ఆ నమూనాను తీసుకొని అక్కడ బిషప్పు పీఠాన్ని ఉంచారు. చైత్యంలోనైతే ఆ వంపు స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేయడానికి ఏర్పడింది. ఒకచోట జనులు వాక్యం వినడానికి ఎదురుగా నిలిచారు, మరొకచోట చుట్టూ నడిచారు. గోడలు ఒకటే, ఆరాధన వేరు.

ఇక అమరావతి. చేజర్ల కంటె ఎంతో గొప్పదైన ఆ మహాస్తూపాన్ని ఆరాధించేవారు లేకపోయారు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించినప్పుడు ఆ దిబ్బ ఇటుకలకూ రాళ్లకూ గనిగా మారింది. శిల్పాలు చెక్కిన సున్నపురాళ్లను కాల్చి సున్నం చేశారు. 1797లో చూసిన కోలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది! మిగిలిన శిల్పాలలో ఎక్కువ భాగం మద్రాసుకూ లండనుకూ చేరాయి.

రోమాలోనూ ఇదే జరిగింది. పాంథియాన్ క్రీ.శ. 609లో క్రైస్తవ దేవాలయమైనందువల్ల నిలిచింది. చెంతనున్న ఫోరం చలువరాళ్లు సున్నపు బట్టీల పాలయ్యాయి.

1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చిన నాటినుండి ఈ మైదానంలో కట్టిన మందిరాలకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. సంఘం పెరిగితే స్థలం చాలదు, పాతది విప్పి శ్లాబు మందిరం కట్టక తప్పని సందర్భాలున్నాయి. దానిని తప్పుపట్టలేము. కాని విప్పకముందు కొలతలు తీసి, శిలాఫలకాలను నకలు చేసి, పైకప్పు దూలాల అమరికను ఫోటో తీయడం పాస్టరు చేయగలిగిన పనే. అమరావతిలో మెకంజీ బృందం చేసినది అదే. వారు గీసిన చిత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే రాళ్లలో అనేకం నేడు లేవు.